త్రిమూర్తులుగారి డోసు

అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్. పొద్దున్న పదిన్నర. సి.టి. మెషీను గదికి ఆనుకున్న కంప్యూటర్ గదిలో టెక్నీషియన్ నాగదుర్గ, సెంటర్ యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు. అద్దానికి అవతల బల్ల మీద పేషెంటు.

"మార్చేవా, లేదా?"

"లేదండీ."

"పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేను కదా, పాత సెట్టింగు పెట్టమని?"

"ఆయ్. చెప్పేరండీ."

"ఆయ్ అన్నావు కూడాను!"

"మీ మాట విన్నానని అన్నానండీ. మారుస్తానని అనలేదు."

"అమ్మాయ్, నాతో వేళాకోళం వద్దు. మనకి కేసులు పంపే డాక్టర్ బెంజమిన్ గారు నిన్న సాయంత్రం ఫోన్లో ఏమన్నారో తెలుసా? రావుగారూ, మీరు పంపింది ఊపిరితిత్తుల బొమ్మా, పొగమంచులో కొబ్బరితోటా అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అంత మాట అన్నారా అండీ?"

"అన్నారు. రేపు రాజోలు డాక్టర్లూ, కొత్తపేట డాక్టర్లూ కూడా ఇదే మాటంటే కేసులన్నీ కాకినాడ వెళ్ళిపోతాయి. నేను ఇది మూసేసి రొయ్యల చెరువు తవ్వుకోవాలి. అసలు ఎక్స్‌రే డోసు తగ్గించమని ఎవరన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదండీ. నేనే తగ్గించేను. మూడు నెలలైంది."

"మూడు నెలలా! నిన్నో మొన్నో అనుకుంటున్నాను నేను."

"ఛాతీ స్కాన్లన్నీ అండీ. నేను తీసినవాటిలో ఒక్కటీ వదల్లేదు."

"ఎంత ధైర్యం నీకు! మొదట్రోజు ఏం చెప్పేను? పంతులుగారు ముహూర్తం పెట్టి, మెషీనుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి బోణీ చేసిన సెట్టింగు. దాన్ని ముట్టుకోవద్దన్నానా, లేదా?"

"అన్నారండీ."

"కలిసొచ్చిందా, లేదా? ఆరేళ్ళలో ఈ బల్ల ఒక్కరోజు ఖాళీగా ఉందా?"

"ఆ బోణీ ఎవరిదండీ?"

"ఎవరిదేంటి, మా బావమరిది త్రిమూర్తులిది. నువ్వూ ఉన్నావు కదా ఆవేళ."

"ఉన్నానండీ. ఆయనగారికి ఏ జబ్బూ లేదు. చెయ్యి మంచిదని పడుకోబెట్టేరు. మనిషి నూట నాలుగు కేజీలు. మెషీను బిగించిన ఇంజనీరు ఆ ఒంటికి సరిపడా డోసు పెట్టి తీసేడు. పెద్ద ఒళ్ళు కదండీ, కిరణాలు అవతలికి రావాలంటే అంత కావాల్సిందే. బొమ్మ అద్దంలా వచ్చింది. అంతే, ఇంక మార్చొద్దన్నారు మీరు."

"అద్దంలా వచ్చిందని నీ నోటితో నువ్వే అంటున్నావు."

"ఆయనకి వచ్చిందండీ. ఆరేళ్ళబట్టీ, ఆలమూరు నుంచొచ్చిన సత్తెమ్మగారు ముప్పై ఎనిమిది కేజీలు, ఆవిడకీ అదే డోసు. స్కూలు బ్యాగుతో వచ్చిన పదేళ్ళ పిల్లకీ అదే డోసు. ఈ మెషీనుకి కోనసీమలో అందరి ఛాతీలూ త్రిమూర్తులుగారి ఛాతీయే అండీ!"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాట కాదండీ, ఒళ్ళు మండుతోంది. పట్టుచీరకీ జీన్స్ ప్యాంటుకీ ఒకే వేడి మీద ఇస్త్రీ చేస్తారా ఎవరైనా?"

"చీర కాలితే కనిపిస్తుంది. ఇక్కడ ఎవరు కాలేరు? ఆరేళ్ళలో ఒక్కరైనా వచ్చి అడిగేరా?"

"కనిపించదనే కదండీ మనం మరీ జాగ్రత్తగా ఉండాలి. జబ్బుంటే స్కాన్ తియ్యాల్సిందే, భయపడి మానెయ్యకూడదు. ఆ మాట అందరికీ నేనే చెప్తాను. కానీ అక్కర్లేని డోసు ఒంట్లోకి ఎందుకండీ? సన్నటి మనిషికి అందులో మూడోవంతు చాలు. మనిషి మందాన్ని బట్టి మెషీనే తగ్గించుకునే ఏర్పాటు ఇందులో ఉంది. ముహూర్తం రోజు నుంచీ దాన్ని ఆపేసి..."

"తగ్గిస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుందని ఆ ఇంజనీరే చెప్పేడు నాకు."

"వస్తుందండీ, కాస్త. ఆ చుక్కల్ని కంప్యూటరు సర్దేస్తుంది. దానికీ ఏర్పాటుంది. అదీ ఆపేసే ఉంచేం, మూడు నెలల కిందట నేను ఆన్ చేసేదాకా."

"అంత బాగా సర్దేస్తే బెంజమిన్ గారికి పొగమంచు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఇలా రండి. తెరమీద రెండు బొమ్మలు పెడతాను, పేర్లు కనపడకుండా. ఏది బాగుందో మీరే చెప్పండి."

"నేను డాక్టర్నా?"

"ఆరేళ్ళనుంచి చూస్తున్నారు కదండీ. చెప్పండి."

"ఎడంపక్కది. దీనికి చదువెందుకు? ఆ సన్నసన్న గొట్టాలన్నీ తెలుస్తున్నాయి. కుడిపక్కది అలికేసినట్టుంది. అదేనా నిన్నటిది?"

"అదేనండీ."

"చూసేవా! అదీ నీ తక్కువ డోసు!"

"నిన్న నేను సెలవండీ."

"ఆఁ?"

"మా ఆడపడుచు మనవడి పుట్టెంట్రుకలకి అంతర్వేది వెళ్ళేను. మీకు చెప్పే వెళ్ళేను. నిన్న తీసింది మన రెండో టెక్నీషియన్ దుర్గాసాయి. మీరంటే భయం కదండీ, పాత సెట్టింగే పెట్టేడు. కుడిపక్కది అచ్చంగా త్రిమూర్తులుగారి డోసే."

"మరి అలా ఎందుకు..."

"మధ్యలో పేషెంటు దగ్గేడండీ. ఊపిరి ఎలా బిగబట్టాలో ముందు ఒకటి రెండుసార్లు చేయించి చూడాలి. వాడు చేయించలేదు. మనిషి కదిలితే ఎంత డోసు పోసినా బొమ్మ అలాగే వస్తుంది. మీరు బాగుందన్న ఎడంపక్కది పోయిన నెల నేను తీసింది. తక్కువది."

"ఏదీ, పేరూ తారీకూ చూపించు."

"చూడండి. డోసు కూడా పక్కనే ఉంది."

"ఊఁ."

"రిపోర్టులు రాసే డాక్టరు పద్మావతి మేడంగారు ఈ మూడు నెలల్లో నావి ఒక్కటీ తిప్పి పంపలేదండీ."

"ఆవిడకి తెలుసా, నువ్వు తగ్గించినట్టు?"

"ఆవిడ పక్కన కూచోబెట్టుకునే మార్చేను. ఒక్కో అంకె చూసి సరే అన్నారు."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట!"

"తగ్గిద్దామని మీకు మూడుసార్లు చెప్పేనండీ. మూడుసార్లూ ముహూర్తం అన్నారు."

"సరే. సరే! నిన్నటిది దుర్గాసాయి తప్పు. వాడి సంగతి తర్వాత చూస్తాను. ఇవాళ మాత్రం పాతదే పెట్టు."

"ఇంకా ఎంచేతండీ?"

"ఎంచేతంటే ఏం చెప్పను? ఇవాళ్టి నుంచి ఫుల్ డోసే అని బెంజమిన్ గారికి మాటిచ్చేను. లోపలున్నది ఆయన పంపిన పేషెంటే."

"ఆయనకి నేను ఫోన్ చేసి చెప్తానండీ, జరిగింది జరిగినట్టు."

"వద్దొద్దు! సాయంత్రం ఒకటి చెప్పి, పొద్దున్నే ఇంకోటి చెప్తే నా మాటకి విలువేముంటుంది? ఈ ఒక్కదానికీ పెట్టెయ్. రేపణ్ణుంచి నీ ఇష్టం."

"పెట్టనండీ."

"పోనీ సగం పెట్టు. పాతదీ వద్దు, కొత్తదీ వద్దు."

"బేరమాడడానికి ఇది సంతలో వంకాయలు కాదండీ."

"లోపలున్న పిల్లకేం తెలుస్తుందే, మనం ఎంత పెట్టేమో?"

"ఆ పిల్లకి పేరుందండీ. కామాక్షి. ఊరు ఉప్పలగుప్తం. పంతొమ్మిదేళ్ళు, నలభై రెండు కేజీలు. ఊపిరితిత్తుల్లో మచ్చ తగ్గుతోందో లేదో చూడ్డానికి ఈ ఏడాదిలో నాలుగోసారి ఎక్కింది ఆ బల్ల."

"అయితే?"

"మొదటి మూడుసార్లూ త్రిమూర్తులుగారి డోసే. పెట్టింది నేనేనండీ. అక్కర్లేదని తెలిసే పెట్టేను. గట్టిగా అంటే మీరు తిడతారని, ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని ఈ చేత్తోనే నొక్కేను. మూడోసారి ఆ పిల్ల బల్ల దిగుతూ నాకు దండం పెట్టిందండీ. సిగ్గుతో చచ్చిపోయేను. ఆ మర్నాడే మేడంగారి దగ్గరికి వెళ్ళేను."

"ఇప్పుడు మాత్రం ఉద్యోగం పోదనుకుంటున్నావా?"

"పోతే పోనివ్వండి."

"సరే, తాళాలు అక్కడ పెట్టి లే."

"స్కాన్ అయ్యేక లేస్తానండీ."

"ఇప్పుడే లే! దుర్గాసాయిని పిలుస్తాను."

"పిలవండి. ఈ కుర్చీలో నేనుండగా ఆ పిల్లకి ఆ డోసు పడదు. లాగి పడేస్తారా, పడెయ్యండి."

"నాగదుర్గా, ఆడమనిషివని ఊరుకుంటున్నాను. నేనుగాబట్టి ఇంతసేపు..."

"సారుగారండీ."

"ఎవరది?"

"నేనండీ, కామాక్షిని. బల్లమీద పడుకుని ఉన్నాను."

"ఇక్కడ మాట్లాడేది లోపలికి వినిపిస్తోందా?"

"వినిపిస్తోందండీ. మీరొచ్చిన కాణ్ణుంచీ."

"నాగదుర్గా! మైకు ఆన్‌లో ఉందా?"

"మీరు తలుపు తీసినప్పుడే ఆన్ చేసి ఉంచేనండీ."

"నా పరువు తియ్యడానికా?"

"మీ గురించి కాదండీ. ఆ మూడుసార్ల సంగతి పొద్దున్న ఆ పిల్ల మొహం చూస్తూ చెప్దామనుకున్నాను, నోరు రాలేదు. మీతో దెబ్బలాడుతూ అయితే వస్తుందనిపించింది."

"విన్నానక్కా. మూడుసార్లూ మీ చెయ్యే అని విన్నాను. దానికి మీతో దెబ్బలాట నాకూ ఉంది, అది తర్వాత. ముందు తక్కువది పెట్టి తియ్యండి. తీసేదాకా నేను ఈ బల్ల దిగను సారుగారండీ, ఎవర్ని పిలుచుకుంటారో పిలుచుకోండి."