గుమ్మంలో గుండ్రం

భిలాయి క్యాంప్ 1లోని తెలుగువాళ్ళ సందులో, మురుగు పైపుల సర్వేకి వచ్చిన కుర్ర ఇంజనీరు ఒక గుమ్మం ముందు ఆగాడు. ఇంటావిడ చీపురుతో బయటికొచ్చింది.

"పిన్నీ, నిన్న సాయంత్రం ఈ సందులో ఒకచోట సున్నంతో గుండ్రం గీసి, మధ్యలో అడ్డగీతలు పెట్టి వెళ్ళేను. ఇప్పుడు చూస్తే ప్రతి గుమ్మంలోనూ అదే ముగ్గుంది!"

"అది నువ్వు గీసిందా బాబూ? ఎవరో నా గుమ్మంలో ముగ్గు సగంలో వదిలేసినారని, పద్మం చేసి నేనే పూర్తి చేసినాను. అది చూసి సందంతా ఏసినారు."

"అరే, దొరికింది! అయితే మేన్‌హోల్ ఇక్కడే. రేపు తవ్వుతారు."

"మేన్‌హోలంటే ఏటి?"

"మురుగు పైపు మలుపు తిరిగే చోట, శుభ్రం చెయ్యడానికి గొయ్యి."

"మురుగు గొయ్యా! ఉండుండు. ఆ గుర్తు ముందు ఎదురింటి ఛాయ వాళ్ళ గుమ్మంలోనే ఉండేది. నాకిప్పుడు బాగా గుర్తొచ్చింది."

"ఇప్పుడే కదా పిన్నీ నీ గుమ్మంలో అన్నావు?"

"అన్నానా? మరి రేపట్నించి నా ముగ్గెక్కడెయ్యాలి?"

"మూత మీదే వేసుకో. నేలకి సమంగా బిగిస్తాం, పక్కా."

"మూతెలగుంటాది?"

"ఇనపది. గుండ్రంగా ఉంటాది."

"ఎక్కడా వంకర లేకుండానా?"

"అచ్చులో పోసిన మూతకి వంకరెక్కడిది?"

"అలగైతే ఇక్కడే పెట్టించు బాబూ. నా గుండ్రం వంకరని ఆ ఛాయ రోజూ నవ్వుతాది. మూత చుట్టూ గీస్తాను, ఇక నవ్వమను చూద్దాం!"