బియ్యం డబ్బాలో రేడియో

సముద్రపు గాలికి ఇంటి కప్పు మీద తాటాకులు లేచిపోతున్నాయి. గుమ్మంలో పోస్ట్‌మాన్ గొంతు వినగానే అమలమ్మ ట్రాన్సిస్టర్‌ని బియ్యం డబ్బాలోకి తోసి మూత పెట్టేసింది. దానికి ఏటా పోస్టాఫీసులో కట్టాల్సిన లైసెన్సు కట్టలేదు మరి.

“రేడియో ఏమంటోందమ్మా?”

“మా ఇంట్లో రేడియో ఎక్కడిదండీ?”

“మరి ఆ డబ్బాలో మాట్లాడుతున్నది బియ్యమా?”

మూత పెట్టినా విజయవాడ కేంద్రం ఆగలేదు. ఆమె డబ్బాకి అడ్డంగా నిలబడింది.

“మీరు పెట్టే రేడియో నాటకాలు నేనూ మీ అరుగు మీద కూర్చుని వింటూనే ఉన్నానమ్మా. కరెంటు పోయి మా ఆఫీసు రేడియో మూగబోయింది. తుఫాను ఎటు వస్తోందో చెప్పండి.”

“ఇటేనండీ. లోతట్టు వాళ్లని కదలమంటున్నారు.”

“అయితే దాన్ని తీసుకు రండి. చర్చి మైకు కారు బ్యాటరీ మీద పనిచేస్తుంది. దాని ముందు పెడితే పల్లెంతా విని, చర్చి డాబా ఎక్కుతుంది.”

“సెల్సు అయిపోవచ్చాయండీ. ఎండలో పెడదామంటే ఎండేదీ?”

అతను తన టార్చిలైటు విప్పి, సెల్సు ఆమె చేతిలో పెట్టాడు.

“ఊరంతా విన్నాక, లైసెన్సేదని రేపు అడగరూ?”

“అడగాల్సింది నేనేనమ్మా. అడగడానికి రేపు నేనుండాలి, చెప్పడానికి మీరుండాలి. పదండి.”