రెండు రోజులు చాలమ్మా

ఈతకొలను గట్టు మీద తడి జుట్టుతో నిలబడి, ఆమె కోచ్‌ని అడిగింది.

"మాస్టారూ, నాలాంటివాళ్ళు వారానికి ఎన్ని రోజులు ఈదాలి?"

"పోటీలకేమన్నా వెళ్తారా? సరదాకి ఈదేవాళ్ళకి రెండు రోజులు చాలమ్మా."

"ఆరు రోజులని కాగితం మీద రాసిస్తారా? మా ఆయనకి చూపిస్తాను."

"ఆరైతే భుజాలు పట్టేస్తాయి."

"పట్టేస్తే పట్టేయనివ్వండి. మంచాన పడ్డ అత్తగారిని వదిలి నేను గడప దాటేది ఈ ఒక్క గంటే. నీళ్ళలో ఉంటే ఎవరు పిలిచినా వినపడదు."



"నిన్న మీ ఆయన ఫోన్ చేసి ఇదే అడిగారమ్మా. నాకు తెలీక, రెండు రోజులు చాలని చెప్పేశాను."

ఆమె ఈత కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని కొలను మెట్లు దిగింది.

"అయితే ఈ వారానికి ఇవాళే ఆఖరు. ఇంకో పది నిమిషాలు ఉండనివ్వండి."