పన్లేదు

ఆదివారం మధ్యాహ్నం, సియోల్‌లో ఒక ఫ్లాటు వంటగది. బల్లకి ఇటు ఉద్యోగం చేసే తల్లి ఛేరిన్, అటు ఆవిడ కూతురు బోమిని ఇంట్లోనే ఉండి జీతానికి పెంచుతున్న పిన్ని గుమ్‌దాన్, చైనాలో కొరియా వాళ్ళుండే యెన్జి ఊరి మనిషి. మధ్యలో ఎండు నెత్తళ్ళు. బోమి లోపల నిద్రపోతోంది.

“...అంటే పూర్తిగా మానెయ్యమని కాదు పిన్నిగారూ. అలా అనుకోకండి.”

“మరేటి అనుకోమంటావు బోమి అమ్మా?”

“మంగళవారం, శుక్రవారం. సాయంత్రం పూట. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కాస్త చూస్తే చాలు.”

“చూడ్డమా? ఇన్నాళ్ళబట్టీ నేను చేస్తున్నదేటి?”

“అది వేరు కదండీ. మీరు ఇక్కడే ఉండి పెంచారు. ఇప్పుడది బడికెళ్తోంది. ఇంక పెంచక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు.”

“కాపలా అన్నమాట.”

“కాపలా అని కాదు...”

“కాపలాయేలే. తప్పేటుంది? మా మరదలి కూతురు అదే చేస్తాది. పిల్ల కింద పడకుండా చూస్తాది, టీవీ పెడతాది, వాళ్ళమ్మ తలుపు తీసేసరికి చెప్పులేసుకుని నిలబడతాది. మర్నాటికి ఆ పిల్ల పేరే గుర్తుండదు దానికి. హాయి. మరి మిగతా రోజులో?”

“ఒకమ్మాయి వస్తుంది. కాలేజీ అమ్మాయి, యెజు అని. బోమికి కథలు చదివి వినిపిస్తుంది.”

“సియోల్ పిల్లేనా?”

“...అవును.”

“ఊ.”

“ఊ అంటే?”

“ఏట్లేదు. ఆ నెత్తళ్ళు ఇటు తొయ్యి. తలలు తుంచకుండా పడేస్తే చారు చేదెక్కుతాది.”

“నా మీద కోపమొచ్చిందా పిన్నిగారూ?”

“నాకెందుకమ్మా కోపం? నీకే నా మీద కోపం. మొన్న బోమి గుంట సైకిలు మీంచి పడ్డకాడి నుంచీ నా మొహం చూసి మాటాడ్డం లేదు నువ్వు. పక్కనే ఉన్నాను, అయినా పడింది. పిల్లలన్నాక పడతారు.”

“పడ్డందుక్కాదు!”

“మెల్లగా. లేస్తాది.”

“పడ్డందుక్కాదండీ. నేనప్పుడే వస్తున్నా. దూరం నుంచే చూశా. బ్యాగు అక్కడే పారేసి పరిగెత్తా. మోకాలంతా రక్తం. అమ్మ వచ్చేసింది బంగారం అని ఎత్తుకోబోతే, నా చెయ్యి తోసేసి ఏమందో మీరూ విన్నారు.”

“ఏమంది?”

“పన్లేదు అంది.”

“ఆఁ, అంది.”

“ఆఁ అంది అంటారేంటండీ అంత తేలిగ్గా! నీతో నాకు పన్లేదు పొమ్మని కన్నకూతురు నలుగురి ముందూ అంది. లిఫ్టులో నేను ఎంత ఏడ్చానో మీకేం తెలుసు? ఇంత పిల్లకి అంత మాట ఎవరు నేర్పారా అని...”

“నేనే నేర్పాను.”

“...ఎందుకండీ?”

“ఓలమ్మో! నువ్వు అలగ తీసుకున్నావా? మా యెన్జిలో పన్లేదంటే ఏం ఫర్లేదని. నాకేం కాలేదు, నువ్వు బెంగెట్టుకోకు అని. జొరమొచ్చిందా అంటే పన్లేదు. ఆకలేస్తందా అంటే పన్లేదు. మా అమ్మ రేపోమాపో పోతాదనగా, వచ్చెయ్యనా అని ఫోన్లో అడిగితే, ఆవిడా పన్లేదనే అంది.”

“ఫర్లేదు... అనా?”

“నీ మొహం తెల్లగా పాలిపోయింది కదా. అది చూసి పాపం నిన్ను ఊరుకోబెట్టింది. నీ ఆఫీసు చొక్కాకి రక్తం అంటుకుంటాదని చెయ్యి తోసింది.”

“అయ్యో. అది నన్ను ఓదార్చిందా? నేను దాంతో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదండీ.”

“తెలుసు. అమ్మకి పన్లేదా పిన్నీ, అనడిగింది నన్ను.”

“మీరేమన్నారు?”

“పన్లేదులే, పడుకో అన్నాను. మరేటి చెప్పను?”

“తప్పైపోయింది పిన్నిగారూ. నోరు తెరిచి అడిగుంటే సరిపోయేది. మీరెక్కడికీ వెళ్ళొద్దు. మంగళవారం లేదు, శుక్రవారం లేదు, ఎప్పట్లాగే ఉండిపోండి. ఆ గది మీదే.”

“మరి ఆ యెజుని వొద్దంటావా?”

“అంటే... తనూ వస్తుంది. ఏమనుకోకండి. బడిలో పిల్లలు బోమి యాస పట్టి వెక్కిరిస్తున్నారట, టీచరు చెప్పింది. పెద్ద తరగతులకెళ్తే ఇంకా ఏడిపిస్తారు. అందుకని, వంటా, స్నానం, నిద్రపుచ్చడం అన్నీ మీరే. ఒక్కటే నేనడిగేది. దాంతో మాటలు మాత్రం కాస్త తగ్గించండి. మాటలు యెజు చూసుకుంటుంది.”

“మాటాడకుండా నిద్రపుచ్చాలా?”

“ఫోన్లో ఏదైనా పాట పెట్టండి.”

“నవ్వొస్తే?”

“పిన్నిగారూ...”

“కాదు, చెప్పు. పిల్ల పరిగెట్టుకొచ్చి మీద పడి ఏదో అడుగుతాది. నేను నోరు మూసుకుని తల ఊపాలా?”

“కొన్నాళ్ళేనండీ. దాని మంచికే.”

“ఊ.”

“మళ్ళీ ఊ అంటారేంటి? అదేంటి, చేతులు కడిగేసుకుంటున్నారు? నెత్తళ్ళు ఇంకా ఉన్నాయిగా.”

“అవి నువ్వు తుంచు. చారు చేదుగా ఉంటే బోమి ముట్టదు.”

“పిన్నిగారూ, ఉంటారా ఉండరా?”

“పన్లేదు బోమి అమ్మా.”

“హమ్మయ్య! ఫర్లేదన్నట్టేగా? ఉంటున్నట్టేగా?”

“ఇన్నేళ్ళు సియోల్‌లో ఉన్నదాన్ని, నాకూ వచ్చిందిలెండి. ఇది మీ ఊరి పన్లేదండీ.”