గోరంత సందు

హలో… ఆ, నేనే. రిపేరావిణ్ణే మాట్లాడుతున్నాను. చెప్పండి.

…

ఏ వదిన? ఇక్కడ వదినలెవరూ లేరండి. ఇది కంప్యూటర్లు బాగుచేసే షాపు. బల్ల మీద ఒక లాప్‌టాప్ పొట్ట విప్పుకుని పడుకుంది, నా చేతిలో బ్రష్షుంది, మీకోసమని నోట్లోంచి రెండు స్క్రూలు ఇప్పుడే తీశాను.

…ఓహో, ఆడపడుచు గారా. ఎనిమిది నెలలైంది కదా, గొంతు గుర్తుపట్టలేదు.

…కోపమా? కోపం వదినలకుంటుంది. రిపేరావిడకి కోపమెందుకు? జబ్బేంటో చెప్పండి, వింటాను.

…మెల్లగా. ఏడుస్తూ చెబితే నాకు సగమే అర్థమవుతోంది.

ఊఁ… ఊఁ… మామూలుగా ప్లాన్లు గీసుకుంటే బానే ఉంటోంది. వీడియో తయారు చెయ్యమంటే మాత్రం… పది నిమిషాలకి తెర మీద అడ్డంగా చారలు. తర్వాత ఫ్యాను రొద. తర్వాత మొత్తం నల్లగా… దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదటికి.

ఏం వీడియో అది? …కట్టబోయే ఇంట్లో నడుస్తున్నట్టు చూపించేదా. గుమ్మంలో మొదలెట్టి వంటగది దాకా. …బావుంది. పునాది కూడా తియ్యని ఇంట్లో షికారు.

ఎప్పటికివ్వాలి? …ఇవాళ ఐదింటికా? …ఇప్పుడు రెండున్నర. ఎనిమిది నెలలు గుర్తురాని మనిషిని రెండున్నర గంటల ముందు తలుచుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

…ఉద్యోగం మానేశారా? ఎప్పుడు? …రెండు నెలలైందా. నాకెవరూ చెప్పలేదే. …అంటే ఇది సొంతంగా తెచ్చుకున్న మొదటి పని. …ఇది పోతే మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కి ఆ పెద్దమనిషినే బతిమాలుకోవాలి. …అర్థమైంది. అర్థమైందన్నాను కదా, మళ్లీ మళ్లీ చెప్పకండి, నాకూ భయమేస్తోంది.

ఇప్పటిదాకా ఎవరికైనా చూపించారా? …ఇద్దరికా. మొదటాయన ఏం చేశాడు? …డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. ఎన్నిసార్లు? …నాలుగుసార్లా. బండి దగ్గరికి కూడా వెళ్లకుండా డ్రైవర్ని నాలుగుసార్లు మార్చాడన్నమాట. దర్జాగా ఉంది.

రెండో ఆయన? …గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు. మూత తీసి చూశాడా? …తియ్యలేదా? మూత తియ్యకుండానే పోయిందని చెప్పాడంటే మెకానిక్కా, జాతకాలు చెప్పేవాడా?

…ఏంటి? …మీరే తియ్యనివ్వలేదా. ఎందుకు?

…

లేదు, వినిపించింది. …అయినా మళ్లీ అనండి.

…'మా వదిన బిగించింది, ఆవిడ పనిలో తప్పుండదు, మూత ముట్టుకోవద్దు'. అలాగే అన్నారా? …వాళ్లిద్దరితోనూ?

…ఒక్క నిమిషం. స్క్రూ కింద పడింది.

…

ఆ. దొరికింది.

ఇవాళేమో 'మా వదిన'. ఆవేళ మీ ఆఫీసాయన ఇంటికొచ్చి, నేల మీద కూర్చుని మీ కంప్యూటర్ పెట్టెలో తలదూర్చిన నన్ను చూపించి 'ఈవిడెవరు' అంటే మాత్రం 'కంప్యూటర్ రిపేరావిడ'. …నేనేం మర్చిపోలేదు. నా ఎదురుగా టీ చల్లారిపోయింది, ముట్టుకోకుండా లేచొచ్చాను. …సంజాయిషీలు ఐదు దాటాక చెప్పుకుందాం. ముందు దీని సంగతి చూడండి.

పెట్టె వెనక్కి వెళ్లండి. తెర నుంచి వచ్చే వైరు ఎక్కడ గుచ్చి ఉంది? పైనా, కిందా? …చీకటిగా ఉంటే టార్చి వెయ్యండి. …ఆ, కిందే ఉండాలి. కార్డుకే ఉంది. సరే.

…టార్చి ఎవరు పట్టుకున్నారు? …పక్కింటావిడా. ఓహో. పక్కింటావిడ దగ్గు అచ్చం మగవాళ్ల దగ్గులా ఉందే.

…ఆడపడుచు గారూ, ఆ దగ్గుతో పదకొండేళ్లుగా కాపురం చేస్తున్నాను. పొద్దున చెక్క కొనడానికి డిపోకి వెళ్తున్నానని చెప్పి బయల్దేరిన దగ్గది. …వద్దు, ఫోనివ్వద్దు. ఆయన చెవితో మనకి పనిలేదు, చెయ్యి కదలకుండా ఉంటే చాలు. …స్పీకర్లో ఉన్నానా? ఇంకా మంచిది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఒకటిన్నర మొగుళ్లూ ఒక్క గదిలో చేరి నాచేత పని చేయించుకుంటున్నారు, నా అదృష్టం.

ఇంతకీ పెట్టె ఎక్కడుంది? …ఆ బీరువాలోనా? మీ అన్నయ్య చేసిచ్చిన, తలుపులున్న చెక్క బీరువాలో? …అదీ సంగతి. దొరికాడు దొంగ. గాలాడక ఉడికిపోతోంది పాపం. నేనప్పుడే మొత్తుకున్నాను, దానికి వెనక చిల్లులు పెట్టమని. కంప్యూటరది, బంగారమా తలుపులేసి దాచుకోడానికి? వడ్రంగి చేతిలో చెక్కుంటే చాలు, ఏది కనిపిస్తే దానికి గది కట్టేస్తాడు.

వీడియో మొదలెట్టండి. వేడి ఎంతుందో తెర మీద ఒక మూల చూపిస్తుంది, అది చదవండి. …ఐదు నిమిషాలు పోనివ్వండి, తొందరేం లేదు. …ఉన్నాను, లైన్లోనే ఉన్నాను.

…

ఎంత? …అరవై రెండా? …తొంభై రెండుని అరవై రెండని చదవట్లేదు కదా. …మళ్లీ చూడండి. …అరవై రెండే. …ఛ.

…అబ్బే, మంచిదే. చల్లగానే ఉంది. మంచిదేనంటున్నాగా.

…చిల్లులున్నాయా? బీరువా వెనక? ఎవరు పెట్టారు? …ఆయనే. ఎప్పుడు? …నేను చెప్పిన మర్నాడేనా. …చూశారా ఈ మనిషిని. నేను చెప్పిన మాట విని కూడా విన్నట్టు నాకు తెలియనివ్వడు.

సరే, ఆపెయ్యండి. వేడి కాకపోతే కరెంటు. గీతలు గీసుకున్నంతసేపూ కార్డుకి గుప్పెడు మెతుకులు చాలు. వీడియో అంటే కడుపునిండా కావాలి. అప్పుడు అందక కళ్లు తేలేస్తోంది. మూత తియ్యాలి.

…నువ్వే. ఇంకెవరు తీస్తారు? …ఏం కాదు. ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపు. వైరు పీకెయ్. …ఆ, నువ్వన్నాను. తొందర్లో వచ్చేసింది. …వచ్చేసిందిలే, ఉండనీ.

పక్కన నాలుగు స్క్రూలుంటాయి. …రావట్లేదా? రావు. నేను బిగిస్తే అంతే. నీవల్ల కాదు, మీ అన్నయ్యకివ్వు, టార్చి నువ్వు పట్టుకో. …వచ్చాయా? మూత పక్కకి లాగు. …దుమ్ము? …కొంచెమేనా. పెట్టె ఇనుమునోసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ పోతుంది.

ఇప్పుడు మధ్యలో ఇటుకంత పెద్దది కనిపిస్తోందా, ఫ్యాన్లున్నది? అదే కార్డు. దాని అంచున నల్ల ప్లగ్గు, లావుపాటి వైర్లు. …దాన్ని వేలితో నొక్కు. ఉత్తినే, చూడ్డానికి. అది గట్టిగానే ఉంటుంది, నేను పెట్టిందే కదా. అయినా అన్నీ చూసుకుంటూ రావాలి కాబట్టి—

…

ఏమంది?

…టక్కుమందా.

…లోపలికి పోయిందా? ఎంత? …గోరంత.

…

…ఆ. ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

ఒక పని చెయ్. పక్కన చిన్న కొక్కెం ఉంటుంది, అది నొక్కి ప్లగ్గు బయటికి లాగు. లోపల చూడు. ఎక్కడైనా నల్లబడిందా? …వాసన చూడు. మాడిన వాసన? …లేదా? బాగా చూశావా? మీ అన్నయ్యని కూడా చూడమను. …ఆయనా లేదంటున్నాడా. …అమ్మయ్య.

…ఏం లేదు, ఊరికే అడిగాను. అలా సగం గుచ్చి ఉన్నవి ఒక్కోసారి మాడతాయి. …మంటలా? …అంతదాకా రాలేదు కదా. మళ్లీ పెట్టు. టక్కుమనేదాకా చెయ్యి తియ్యకు. …ఆ. ఈసారి నాక్కూడా వినిపించింది.

మూత వేసి, కరెంటిచ్చి, వీడియో మొదలెట్టు.

…

ఎలా వదులైందంటే… ఏమో. …మొన్న బీరువా జరిపారా? …మీ అన్నయ్య చెయ్యి తగిలిందంటావా.

…ఆ. తగిలే ఉంటుంది. ఆయన చెయ్యి తగలని వస్తువేముంది ఆ ఇంట్లో.

…ఏమంటున్నాడు? …సారీ అంటున్నాడా.

…

ఎంతసేపైంది? …పన్నెండు నిమిషాలు. చారల్లేవా? …ఫ్యాను? …మామూలుగానే తిరుగుతోంది. ఎంతయింది? …ముప్పై శాతం. అయితే నాలుగింటికల్లా చేతికొస్తుంది. అక్కణ్ణుంచి గంట టైముంటుంది నీకు, ముఖం కడుక్కుని పంపించుకో.

…ఏడవకు. కీబోర్డు మీద పడితే దానికీ నేనే రావాలి.

…వద్దు, థాంక్సులేం వద్దు. …ఆగు. ఆ మాట అనకన్నానా. …ఒక్క క్షణం ఆగమంటున్నాను. మీ అన్నయ్య అక్కడే ఉన్నాడా? ఉండనీ. ఇద్దరూ వినండి.

ఇందాక ఆ నాలుగు స్క్రూలూ నీ చేత్తో రాలేదు. అంత గట్టిగా మూసున్న పెట్టెలోకి ఆయన చెయ్యెలా పోతుంది? …మరి. ఆలోచించు.

…మీ ఆఫీసాయన గుమ్మంలోకొచ్చినప్పుడు నేనదే ప్లగ్గు గుచ్చుతున్నాను. సగం లోపలికెళ్లింది. అప్పుడే నువ్వామాట అన్నావు. …నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత టక్కుమందో లేదో నేను చూసుకోలేదు. మూత మాత్రం బ్రహ్మాండంగా బిగించాను. నీ మీద కోపమంతా ఆ స్క్రూల మీద చూపించాను.

పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ప్లగ్గు టక్కుమందో లేదో వినకుండా మూతెయ్యడం ఎప్పుడూ లేదు. …ఒక్కసారే. అదీ నీ ఇంట్లో.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇందాకట్నుంచీ బీరువానీ, మీ అన్నయ్యనీ, ముక్కూమొహం తెలియని ఆ ఇద్దరు మెకానిక్కుల్నీ ఆడిపోసుకున్నాను. వాళ్లు మూత తీసుంటే రెండు నిమిషాల్లో దొరికేది. నన్ను నమ్మి నువ్వు తియ్యనివ్వలేదు. నన్ను నమ్మినందుకు ఆ మొదటి పని కాస్తా పోగొట్టుకునేదానివి. …మాడి ఉంటే ఏమయ్యేదో నేను తలుచుకోలేకపోతున్నాను.

…

ఉన్నావా?

…ఎందుకు చెప్పానా. నిజమే, చెప్పకపోతే నీకు జన్మలో తెలిసేది కాదు. మీ అన్నయ్య కూడా ఆ తప్పు నెత్తినేసుకుని హాయిగా ఇంటికొచ్చేవాడు. …ఏం లేదు. 'మా వదిన పనిలో తప్పుండదు' అన్నావు కదా. ఆ మాట నాకు చాలా నచ్చింది. దాన్ని దొంగతనంగా ఉంచుకోవాలనిపించలేదు.

…

…ఊఁ. …చెప్పు.

…సిగ్గేసే అన్నావా.

…నేల మీద కూర్చుని, చేతులకి మురికి, జుట్టుకి దుమ్ము… ఆయన ముందు వదినని చెప్పడానికి సిగ్గేసింది. …ఊఁ.

…కాదు, కోపం రాలేదు. బాధగా ఉంది. ఉండదా మరి? …కానీ నోరు జారిందనో, తొందర్లో వచ్చేసిందనో అంటావేమో అనుకున్నాను. అలా అనుంటే ఫోన్ పెట్టేసేదాన్ని. నేను గోరంత ఒప్పుకుంటే నువ్వు కొండంత ఒప్పుకున్నావు. సరిపోయింది.

ఎంతయింది? …నలభై శాతమా. కదలనివ్వకండి దాన్ని.

…మీ అన్నయ్య ఏదో గొణుగుతున్నాడు. ఏంటట? …ఇందాక చెప్పిన సారీ వెనక్కిచ్చెయ్యమంటున్నాడా. ఇంటికొచ్చి తీసుకోమను. డిపోలో చెక్క ఎలా ఉందో కూడా అప్పుడే కనుక్కుంటాను.

…నువ్వు రావద్దు, నేనే వస్తాను. ఆరింటికి షాపు మూసి. ఆ ప్లగ్గుని నా కళ్లతో చూసుకోకపోతే నాకు నిద్రపట్టదు. …ఆ, టీ తాగుతాను. పెట్టు.

ఇదుగో, షాపుకెవరో వచ్చారు, ఆగు. — రండి, ఆ కుర్చీ లాక్కోండి. మీ లాప్‌టాప్ అయిపోవచ్చింది, మూత కీలు బిగించాలంతే. — ఏంటండీ? …కాదండీ, కస్టమర్ కాదు. మా ఆడపడుచు. ఇళ్ల ప్లాన్లు గీస్తుంది, సొంతంగా పెట్టుకుంది.

…హలో. ఆ, ఏంటన్నావ్?

…విన్నావుగా. ఇంక పెట్టెయ్.