పేరు పెట్టి చేసే ప్రార్థన

న్యూయార్క్ రాష్ట్రంలో కాలువ పక్కన ఒక చిన్న ఊరు. 1831. పాపుల్ని మార్చే చర్చి ఉజ్జీవ సభలు జోరుగా సాగుతున్న రోజులు. ఇంటింటి బట్టలు ఉతికి బతికే విధవ కెజాయా పెరట్లోకి, సారాబట్టీ ఆల్వా భార్య లుసిండా వచ్చి నిలబడింది.

"...అదే చెప్తున్నా వదినా, ప్రార్థన చెయ్యొద్దనట్లేదు నేను. మనసులో చేసుకో. ప్రభువుకి వినపడదా?"

"ప్రభువుకి వినపడుతుంది లుసిండమ్మా. ఊళ్ళోవాళ్ళకే వినపడదు. ఆ దుప్పటి కొస పట్టుకో, పిండాలి."

"నేనా?"

"వదినా అన్నావుగా ఇప్పుడే. మొన్నటిదాకా 'ఏమే, కాలర్లకి గంజి తక్కువైంది' అనేదానివి. నేను వదిననే అయితే కొస పట్టుకో."

"పట్టుకున్నాలే... అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయి నీళ్ళు! రేపు సభలో నువ్వు లేచి పేరు పెట్టి ప్రార్థిస్తావని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆడది, అంతమంది మగాళ్ళ ముందు గొంతెత్తడం..."

"కొత్త బోధకుడే ఎత్తమన్నాడు. పాపి పేరు చెప్పి, చేసిన పాపం చెప్పి, గట్టిగా అడగమన్నాడు. పేరు వినపడ్డవాళ్ళు ముందుకొచ్చి ఆ పశ్చాత్తాప బల్ల మీద కూలబడాల్సిందే. మొన్న చెప్పులు కుట్టే బార్జిలై పేరు వాళ్ళావిడే ఎత్తింది. చూశావుగా, చంటిపిల్లాడిలా ఏడ్చాడు."

"మా ఆయన ఆ బల్ల మీద కూర్చోడం అయిపోయింది కదా! మారుమనస్సు పొందాడు. పీపాలన్నీ పగలగొట్టి కాలువలో పోయించాడు. బట్టీకి తాళం వేశాడు. ఇంకేం కావాలి నీకు?"

"మా ఆయన కావాలి. జోతమ్ కావాలి."

"అలా మాట్లాడితే నేనేం చెప్పను?"

"ఏం చెప్పకు. గట్టిగా మెలిపెట్టు. నీళ్ళు కారట్లా."

"తాగమని మీ ఆయన గొంతులో ఎవరూ పొయ్యలేదు కదా? అంటే... తప్పుగా అనుకోకు. సారా అమ్మిన పాపం ఆల్వా ఒప్పుకున్నాడు. జోతమ్ పోయిన ఆ చలికాలం నుంచీ ఆయనకి సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడిప్పుడే సంఘపెద్దగా పెట్టుకుందామని అందరూ అనుకుంటున్నారు. రేపు నువ్వు జోతమ్ పేరూ, ఆయన పేరూ కలిపి ఎత్తావంటే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. పోయినవాడు తిరిగొస్తాడా?"

"రాడు. నా కడుపుమంట మాత్రం చల్లారుతుంది."

"వదినా! పగ తీర్చుకోడానికా ప్రార్థన?"

"నా దగ్గర ఇంకేముంది లుసిండమ్మా? కోర్టుకెళ్తే నవ్వుతారు. మగాడిగా పుట్టుంటే మీ బట్టీకి నిప్పు పెట్టేదాన్ని. ఇన్నాళ్ళకి ఒకాయనొచ్చి, ఆడదానివైనా నోరు తెరువు అన్నాడు. తెరుస్తా."

"చూడు, జోతమ్ సమాధికి మంచి రాయి పెట్టిస్తాం. పేరు చెక్కించి..."

"చెక్కించు. ఎలా పోయాడో కూడా చెక్కిస్తావా?"

"ఎలా పోవడమేంటి? తాగి, మంచులో దారి తప్పి..."

"మీ కట్టెల కొట్టం పక్కన దొరికాడు. దారి తప్పినవాడు మీ పెరట్లోకెందుకొచ్చాడు?"

"తలుపు తియ్యకపోతే ఇంటికి పోవాలి గానీ, అక్కడే పడుకుంటాడని ఎవరనుకుంటారు?"

"తలుపు కొట్టాడా?"

"కొట్టి ఉంటాడేమోనని..."

"ఉంటాడేమో అనలేదు నువ్వు. ఎవరు విన్నారు? ఆల్వా విన్నాడా?"

"ఆయన పై గదిలో నిద్రపోతున్నాడు. ఆయనకేం తెలీదు! ఆయన్ని లాగకు ఇందులోకి!"

"మరి కింద ఎవరున్నారు?"

"దుప్పటి వదిలెయ్ వదినా, చేతులు మొద్దుబారిపోతున్నాయి."

"వదలను. ఎవరున్నారు?"

"నేనే ఉన్నా. నేనే! చాలా? తివాచీ కొత్తది, ఆవేళే పరిచాం. మర్నాడు పాస్టరమ్మ గారు టీకి వస్తానన్నారు. అంతకుముందోసారి మీ ఆయన హాలంతా కక్కి పెట్టాడు. అందుకే గడియ తియ్యలేదు. 'అమ్మా, చలి' అన్నాడు. పలకలేదు. చప్పుడుకి మా ఆయన లేచి పైనుంచి ఎవరని అడిగితే, గాలి అన్నా. కాసేపటికి ఆగిపోయింది. వెళ్ళిపోయాడనుకున్నా. ఒట్టు, వెళ్ళిపోయాడనే అనుకున్నా!"

"'అమ్మా, చలి' అన్నాడా?"

"అన్నాడు."

"ఆ మాట నాకు తెలీదు."

"ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పుకోలేదు నేను. ఇప్పుడు నీకు తెలిసిందిగా, తప్పు ఆయనది కాదు. ఆయన పేరెత్తకు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"లే. బురద అంటుతుంది. ఇందాకణ్ణుంచీ ఆయన పేరు, ఆయన పేరు అంటున్నావు. ఆయన పేరు ఎత్తుతానని నేనెక్కడైనా అన్నానా?"

"మరి... ఎవరి పేరు?"

"నిన్న వచ్చాడు మీ ఆయన. నువ్విప్పుడున్న చోటే మోకాళ్ళ మీద పడ్డాడు. 'అది గాలి కాదు కెజాయా, నాకు ఆవేళే తెలుసు' అని ఏడ్చాడు. ఏడ్చి, మా లుసిండా పేరు పెట్టి ఊరంతా వినేలా ప్రార్థించమని నన్ను బతిమాలాడు."