రేపటి దీక్షలో వంతు

యూనివర్సిటీ గేటు ముందు కాంట్రాక్టు లెక్చరర్ల రిలే దీక్ష పంతొమ్మిదో రోజుకొచ్చింది. దర్శి నుంచి వచ్చిన మిర్చి రైతు తన కూతురికి పాఠం చెప్పే లెక్చరరమ్మను టెంటులోనే పట్టుకున్నాడు.

“శనివారంలోగా మార్కులు రాకపోతే మా అమ్మాయికి పీజీ సీటు పోతుందమ్మా. వైవా ఒక్కటే మిగిలింది.”

“సమ్మెలో ఉన్నాం కదండీ. పదకొండేళ్ళయినా మమ్మల్ని పర్మినెంటు చెయ్యలేదు.”

“చెయ్యనివాళ్ళ పిల్లలు ఇక్కడ చదవడం లేదు. ఏడ్చేది మా పిల్లలే.”

“రేపు దీక్షలో కూర్చునే వంతు నాది. ఎలా రాను?”

“మీ వంతు నేను కూర్చుంటా. మీరు ల్యాబుకెళ్ళండి.”

“మీరా? సాయంత్రం దాకా పస్తండీ!”

“మా ఆవిడ పోయాక పస్తు నాకు కొత్త కాదు.”

“మా సంఘం ఏమంటుందో!”

“రైతు మీకోసం పస్తున్నాడని పేపర్లో వస్తే సంఘానికి చేదా?”

ఆమెకు నవ్వొచ్చింది. ఒప్పుకున్నట్టేనని అతనికి తెలిసిపోయింది.

“వైవా పెడితే క్లాసులో ఇరవై ముగ్గురికీ పెట్టాలండీ. మీ అమ్మాయి ఒక్కదానికే కుదరదు.”

“పెట్టండి. సాయంత్రం దీక్ష విరమించమని మీవాళ్ళు నిమ్మరసం తెస్తారుగా, ఇరవై మూడో పిల్ల బయటికొచ్చేదాకా నేను ఆ గ్లాసు ముట్టను.”